కెమెరా చూడని నీలం

లేత నీలం పెన్సిలుతో గీసింది అచ్చులో పడదు. బొమ్మల పుస్తకాల పనిలో ఉన్నవాళ్ళకి ఇది ఓనమాలతో సమానం. అచ్చాఫీసులో పేజీని ఫొటో తీసే కెమెరాకి నల్ల ఇంకు ఆనుతుంది, లేత నీలం ఆనదు. అందుకని బొమ్మ వేసే మనిషి ముందు నీలంతో గీస్తే, ఆ గీతల మీద ఇంకొకరు పాళీతో నల్ల ఇంకు దిద్దుతారు. నీలాన్ని చెరిపే పని లేదు. అది పేజీ మీదే ఉంటుంది, లోకం దృష్టిలో మాత్రం లేనట్టే.

బొమ్మలమ్మ పద్నాలుగేళ్ళు ఈ ఒక్క నమ్మకం మీద నోరు విప్పి బతికింది.

బొమ్మలమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. "గాలిమేడ బడి" చదివే పిల్లలు ఉత్తరాల్లో అలా పిలిచారు, అదే ఖాయమైపోయింది. గాలిమేడ బడి మూడు నెలలకొకసారి వచ్చే బొమ్మల పుస్తకం. మంత్రాలు నేర్చుకునే పిల్లల బడి కథ. నేల మీద చోటు దొరక్క ఆ బడిని గాలిలో కట్టారు. దిగడానికి వేసిన నిచ్చెనకి ఎప్పుడూ రెండు మెట్లు తక్కువే. పెద్ద పంతులమ్మ మంత్రాలన్నీ మరిచిపోయింది, ఆ సంగతి పిల్లలకి తెలియకుండా దాచడానికే ఆవిడ తెలివంతా ఖర్చయిపోతుంది. ఒక పిల్లాడికి ఎక్కిళ్ళు వస్తే తప్ప మంత్రం పారదు, అందుకని పరీక్ష రోజున నీళ్ళు ముట్టకుండా ఎండు రొట్టె మింగి వస్తాడు. మాయంపిల్ల అని ఒకర్తె ఉంది. దేన్నయినా మాయం చెయ్యగలదు, తిరిగి తేవడం మాత్రం రాదు. కథలో సగం చిక్కులు దానివల్లే, చదివేవాళ్ళలో సగంమంది దాని పక్షమే. ప్రతి సంచికలో ఆఖరి పేజీ "ఇంట్లో చేసుకునే మంత్రం". నిమ్మరసంతో రాయడం, అద్దంలో ఉత్తరం చదవడం, అలాంటివి.

కథ రాసేది బొమ్మలమ్మ అన్నయ్య. ఇంకు దిద్దేది వదిన. అంటే బడి బడంతా ఇంటి వ్యవహారమే. అన్నయ్యకి పిల్లలు లేరు. ఎంత ఆశపడ్డా కలగలేదు. ఆ లోటు తీర్చుకోడానికే గాలిలో బడి కట్టి ఇరవై ముగ్గుర్ని చేర్చుకున్నాడని ఎవరైనా వేళాకోళం ఆడితే ఆయనా నవ్వేవాడు. నవ్వి, ఏదో పనున్నట్టు పక్కగదిలోకి వెళ్ళేవాడు.

ఇళ్ళు ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. పేజీలు అట్టల మధ్య కట్టి సంచిలో పెట్టుకుని బస్సులో తిప్పేవాళ్ళు. ఫోనులో మనసువిప్పి మాట్లాడుకుందామంటే అన్నయ్య రోజంతా ఇంట్లోనే, అదే గదిలో, అదే కుర్చీలో. అందుకని మాటలు పేజీ అంచులకెక్కాయి. అన్నయ్య కథ రాసిచ్చాక అచ్చయిన పుస్తకమే చూసేవాడు, అసలు పేజీల జోలికి వచ్చేవాడు కాదు. మొదట్లో పనిమాటలే. ఈ గది మొత్తం నలుపు చెయ్యకు, కిటికీ వదిలెయ్ అని బొమ్మలమ్మ నీలంతో రాస్తే, సరే అని వదిన నీలంతో జవాబు. రెండో సంచికకల్లా ఆ పనిమాటలకి తోకలు మొలిచాయి. బొమ్మలమ్మ భర్త గూడ్సు బండి నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే కాపురం. మిగతా మూడు రోజులూ తను పచ్చజెండా ఊపితే గానీ మంచం దిగడని ఈవిడ రాసింది. మీ అన్నయ్య ఈసారి రాసిన సంభాషణలకి పాలు విరిగేట్టున్నాయి, మాటల బుడగలు చిన్నవిగా గియ్యి, సగం పట్టకపోతే పీడా పోతుంది అని వదిన రాసింది. ఇలా యాభై ఆరు సంచికలు. అచ్చయిన పుస్తకంలో పిల్లలు మంత్రాలు చదువుతుంటే, అసలు పేజీ అంచుల్లో ఇద్దరు ఆడవాళ్ళు తమ కష్టసుఖాలు చెప్పుకున్నారు. బొమ్మలమ్మకి తోడబుట్టిన అక్క లేదు. ఉంటే అంతకంటే ఎక్కువ చెప్పుకునేది కాదు.

మూడు నెలల కిందట గాలిమేడ బడి ఆఖరి సంచిక వచ్చింది. పిల్లలందరూ నిచ్చెన దిగిపోయారు. ప్రచురణకర్తకి బడిని అంతటితో వదలడానికి మనసొప్పక, అసలు పేజీలను ఉన్నవి ఉన్నట్టు పెద్ద సైజులో ఒక పుస్తకంగా వేస్తానన్నాడు. పేజీలన్నీ వదిన ఇంట్లో ఇనప బీరువాలో ఉండేవి. ఆ పని వదినే చూసుకుంటానంది, బొమ్మలమ్మ తలూపింది. ప్రూఫులు చూడ్డం కూడా మొదటినుంచీ వదిన వంతే. పేజీ మీద చివరి చెయ్యి ఎవరిదైతే ప్రూఫు సంతకం వాళ్ళదే అని వీళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. పద్నాలుగేళ్ళలో బొమ్మలమ్మ ఒక్క ప్రూఫు కూడా అడిగి చూడలేదు. అడగడం అంటే అనుమానించడమే కదా అనుకునేది. ఎంత తెలివితక్కువతనమో ఇప్పుడు చెప్పడం తేలికే.

శనివారం మధ్యాహ్నం పార్సిలు వచ్చింది. భర్త బండి మీద ఉన్నాడు. కూతురు పొద్దున్నే అత్తయ్య ఇంటికి, అంటే ఈ వదిన ఇంటికే వెళ్ళింది. ఆ పిల్లకి పదకొండేళ్ళు, ఇంటాబయటా అందరూ పిడుగు అంటారు. శనివారం వస్తే అత్తయ్య పక్కన కూర్చుని ఇంకు దిద్దడం నేర్చుకోవడం దానికి రివాజు. బొమ్మలమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకాన్ని బొమ్మల బల్ల మీద పెట్టుకుని తెరిచింది.

మొదటి పేజీ అంచులో నీలం కనిపించింది. తన చేతిరాత.

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. అచ్చులో నీలం పడటమేమిటని వేలితో రుద్ది చూసింది. వేలికేమీ అంటలేదు. రెండో పేజీ, మూడో పేజీ, అన్నిటా నీలమే. మెల్లగా బుర్రకెక్కింది. పాత కెమెరాకి నీలం ఆనేది కాదు సరే, ఇప్పుడు పేజీల్ని రంగులతో సహా పట్టే యంత్రాలొచ్చాయి. వాటికి ఆనకపోవడమంటూ ఉండదు. ఈ సంగతి ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా తెలుసు. తెలియనిది తనలాంటి పాతకాలపు మనిషికి, అదీ అచ్చాఫీసు గడప తొక్కనిదానికి. ముందుమాటలో ప్రచురణకర్త ఈ అంచుల మాటల్ని తెగ మెచ్చుకున్నాడు. వదినని పిలుస్తున్నట్టు రాసినా, బొమ్మలమ్మ తన మనసును తనకు తాను చెప్పుకున్న దినచర్య అట.

తనకు తానా? అక్కడ ఆగింది ఆవిడ. తను వదినతో కదా చెప్పుకుంది. వదిన జవాబులేవి?

పేజీలు తిప్పింది. తన ప్రశ్నలున్నాయి, తన గోలంతా ఉంది, వదిన మాట ఒక్కటీ లేదు. పచ్చజెండా మాట కింద వదిన రాసింది లేదు. పాలు విరిగే మాట లేదు. అన్నయ్య మీద విసుర్లు లేవు. ఆ చోట్లన్నీ తెల్లగా ఉన్నాయి. పరాయివాళ్ళకి తెల్లగా ఉంటాయి, పాతికేళ్ళు కాగితంతో కాపురం చేసినదానికి కాదు. నీలం పెన్సిల్లో మైనం కలుస్తుంది, ఒక పట్టాన చెరగదు. గట్టిగా రుద్దితే కాగితం నూగు లేస్తుంది. అంచు గీతకి రబ్బరు తగిలిన చోట నలుపు పలచబడుతుంది. ఆ నూగు, ఆ పలచబడ్డ గీతలు పుస్తకం పొడుగునా ఉన్నాయి. అవన్నీ వదిన రాసిన చోట్లలోనే. పక్కనే తను రాసిన అక్షరానికి ఒక్క పొట్టు కూడా రాలలేదు.

అంటే నీలం కనపడుతుందని వదినకి ముందే తెలుసు. తెలిసి, తన మటుకు తాను శుభ్రం చేసుకుంది.

అప్పుడు బొమ్మలమ్మకి తొమ్మిదో సంచిక గుర్తొచ్చింది. ఆరో పేజీ. తియ్యకుండానే ఆ పేజీలో ఏముందో తెలుసు, అయినా తీసింది. మాయంపిల్ల మొదటిసారి బడిలో అడుగుపెట్టే పేజీ. కింది అంచులో నీలంగా, తన కొక్కిరిబిక్కిరి రాతలో:

"వదినా, నెల తప్పింది. నాకు ఈ బడిలో పిల్లలు చాలు. కడుపులోది వద్దు. ఈ మాయంపిల్లతో చెప్పి దీన్ని కూడా మాయం చేయించే సీను ఒకటి రాయమను అన్నయ్యని."

దాని కింద వదిన ఏం రాసిందో బొమ్మలమ్మ పన్నెండేళ్ళుగా కడుపులో పెట్టుకుని ఉంది. "నాకూ ఒకసారి ఇలాగే అనిపించింది. తీయించేసుకున్నాను. మీ అన్నయ్యకి తెలియదు, తెలియకూడదు. ఆ తరవాత నాకు మళ్ళీ నిలవలేదు. నువ్వు మాత్రం ఉంచుకో. నీకు చేతకాకపోతే నేను పెంచుతాను." ఆరు చిన్న మాటలు. వాటివల్లే పిడుగు పుట్టింది. ఇప్పుడక్కడ నూగు లేచిన తెల్లకాగితం. పైన తన మాట ఒంటరిగా, పచ్చిగా, కన్నతల్లి అనకూడని మాటగా మిగిలింది. తరవాతి పేజీ అంచులో "సరే వదినా, నీ మాట మీద ఉంచుతున్నా" అని తను రాసింది మాత్రం ఉంది. దేనికి సరేనో ఎవరికీ తెలియదు.

పిడుగు గాలిమేడ బడి సంచికలన్నీ వరసగా అప్పచెబుతుంది. ఈ పుస్తకం కోసం నెల్లాళ్ళుగా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటోంది. అది ఈ పేజీ చదవకూడదు. బొమ్మలమ్మకి ఇంకేమీ తోచలేదు. పుస్తకం బీరువా పైన బట్టల మూట కింద తోసి, కాళ్ళకి చెప్పులున్నాయో లేవో చూసుకోకుండా బస్సెక్కింది.

వదిన తలుపు తీసింది. ఆవిడ మొహం చూస్తే పొద్దుటినుంచీ ఈ రాక కోసమే కాచుకుని ఉన్నట్టుంది. పిల్లేదని అడిగితే, అరగంటైంది వెళ్ళి అంది. ఇక్కడికీ పుస్తకాలు వచ్చాయట. ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకుంటానని ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళిందట. ఆపితే ఎందుకని అన్నయ్య అడుగుతాడని ఊరుకుందట. ఎదురు బస్సులో వెళ్ళిపోయి ఉంటుంది. ఏ దారిలోనో ఇద్దరూ ఒకరినొకరు దాటుకునే ఉంటారు.

ఆ క్షణంలోనే తిరిగి పరిగెత్తాల్సిన మనిషి వంటింట్లోకి నడిచింది. వదిన వెనకే వచ్చింది. ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక్క పరదా. పరదా అవతల అన్నయ్య పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అందుకని ఇద్దరూ గొంతులు తగ్గించే పోట్లాడుకున్నారు. పద్నాలుగేళ్ళ అలవాటు, ఆయనకి తెలియకుండా మాట్లాడుకోవడం.

వదిన ముందు నీళ్ళు నమిలింది. యంత్రం సంగతి పుస్తకం మాట వచ్చినప్పుడే తెలిసిందని ఒప్పుకుంది. పేజీలు పంపేలోపు మూడు రోజులు తలుపేసుకుని రబ్బరుతో కూర్చుందట. ముందు తనవి మొదలుపెట్టిందట. తనవి అయ్యాక ఆడబిడ్డవీ చెరుపుదామనే అనుకుందట. మణికట్టు వాచిపోయిందట, ఈలోగా పేజీల కోసం మనుషులొచ్చేశారట. అన్నీ 'అట'లే. బొమ్మలమ్మ అన్నీ విని ఒకటే అడిగింది.

"ముందు నావి చెరిపి ఉంటే?"

వదిన పొయ్యి గట్టు మీది గుడ్డ తీసి మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"ఫోను చేసి ఒక్కమాట చెప్పి ఉంటే నేనే వచ్చి చెరుపుకునేదాన్ని."

చెబితే నువ్వు పుస్తకమే వద్దనేదానివి, మీ అన్నయ్య ఈ పుస్తకం మీద ప్రాణాలు పెట్టుకున్నాడు అంది వదిన. పైగా ప్రచురణకర్తకి నీ మాటలు తెగ నచ్చాయి, అంతా నిన్నే పొగుడుతున్నారు, ఇందులో నీకు జరిగిన నష్టమేమిటి అని కూడా అంది. అనేసి, తన మాట తనకే వినిపించినట్టు తల దించుకుంది.

"ఈ పుస్తకం ప్రూఫుల్లో తొమ్మిదో సంచిక వచ్చిందా నీకు?"

"వచ్చింది."

"ఆరో పేజీ చూశావా?"

"చూశాను."

"చూసి ఏం చేశావు?"

"సంతకం పెట్టాను." వదిన గుడ్డ మళ్ళీ మడతపెట్టింది. "ఆ ఒక్క పేజీ ఆపమంటే ఎందుకని అడుగుతారు. అడిగితే మీ అన్నయ్య అసలు పేజీ తెచ్చి చూస్తాడు. ఆయన కంటికి చెరిపిన జాడ తెలియకపోదు. నా సంసారం ఏమైపోతుందే?"

నా సంసారం ఏమైపోయినా పరవాలేదన్నమాట అని బొమ్మలమ్మ నోటిదాకా వచ్చింది. అనలేదు. అంతకంటే పెద్ద మాట ఇంకోటి నోట్లోనే ఉంది, పరదా అవతలికి వినపడేట్టు అనడానికి ఒక్క ఊపిరి చాలు. వదినకి ఆ సంగతి తెలుసు. ఆవిడ కళ్ళు ఆడబిడ్డ మొహం మీద లేవు, పరదా మీద ఉన్నాయి. అంత భయపడే మనిషిని చూస్తే జాలెయ్యాలి. బొమ్మలమ్మకి జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. అక్కలా చూసుకున్న మనిషి తాను ఒడ్డుకి చేరి ఆడబిడ్డని నీళ్ళలో వదిలేసింది, అదీ నిదానంగా, మూడు రోజులు కూర్చుని, పేజీ తరవాత పేజీ.

అప్పుడే పరదా తొలిగింది. అన్నయ్య, కళ్ళజోడు నుదుటి మీద, చేతిలో పుస్తకం.

చెల్లెల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది. నేను పద్నాలుగేళ్ళు బుడగల్లో రాసిందంతా ఒక ఎత్తు, నువ్వు అంచుల్లో రాసింది ఒక ఎత్తు అన్నాడు. ఇంకా మూడో సంచికలోనే ఉన్నానన్నాడు, ఆగి ఆగి చదువుకుంటున్నాడట. ఆ తరవాత పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి అమాయకంగా అడిగాడు.

"ప్రతి పేజీలో 'వదినా' 'వదినా' అని పిలిచావు. ఈవిడ ఒక్కసారి కూడా పలకలేదేమే?"

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది. బొమ్మలమ్మ అన్నయ్య వంక చూసింది. గుమ్మంలో నిలబడి ఉన్న ఈ మనిషి ఇంతవరకూ ఎవరికీ అపకారం చేసినవాడు కాదు. ఇరవై ముగ్గురు పిల్లల పుట్టినరోజులు నోటికి చెప్పగలడు, అందులో ఒక్కరూ నిజం పిల్లలు కారు.

"వదినకి తీరికెక్కడిది అన్నయ్యా," అంది. "ఇంకు ఆరేదాకా కదలడానికి ఉండదు కదా."

ఆయన నవ్వి మళ్ళీ మూడో సంచికలోకి వెళ్ళిపోయాడు. వదిన కృతజ్ఞతగా చెయ్యి పట్టుకోబోయింది. బొమ్మలమ్మ ఆ చెయ్యి తప్పించుకుని బీరువా దగ్గరికి వెళ్ళి, అచ్చాఫీసు నుంచి తిరిగొచ్చిన పేజీల్లో తొమ్మిదో సంచిక కట్ట విప్పి, ఆరో పేజీ తీసుకుంది. వదిన ఆపలేదు. ఏం చేస్తావని నోటితో అడగలేదు గానీ, గుమ్మందాకా వెనకే వచ్చి నిలబడింది. బొమ్మలమ్మ వెనక్కి తిరగలేదు.

ఇంటి తాళం తీసే ఉంది. పిడుగు బొమ్మల బల్ల ముందు, తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. పుస్తకం ఎక్కడ తెరిచి ఉందో దగ్గరికి వెళ్ళి చూడాల్సిన పని లేకపోయింది. ఏడుస్తూ ఉంటుందనుకుంది బొమ్మలమ్మ. ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు. ఆ పిల్ల ఏడవడం లేదు. లెక్క తప్పిన చోట వేలు పెట్టినట్టు, పేజీ మీద వేలు పెట్టి కూర్చుంది.

"కడుపులోది అంటే నేనేనా?"

అబద్ధం చెప్పడానికి దారిపొడుగునా చాలా కూడబలుక్కుంది ఆవిడ. కథ కోసం రాశానని చెబుదామనుకుంది. తమాషాకి అందామనుకుంది. తీరా ఆ మొహం ముందు ఒక్కటీ నిలబడలేదు. నువ్వే అంది. అప్పుడు భయమేసిందని, పని పోతుందనుకున్నానని, తెలివిలేక రాశానని చెప్పింది. పిల్ల అంతా విని తలూపింది.

"ఇక్కడ ఏదో చెరిపారు," అంది, వేలు కిందికి జరిపి. పుట్టినప్పటినుంచీ ఈ కాగితాల మధ్య పాకిన పిల్ల, దానికి తెలియకుండా ఎలా ఉంటుంది. "అత్తయ్య రాసిందా?"

బొమ్మలమ్మ సంచిలోంచి అసలు పేజీ తీసి బల్ల మీద పరిచింది. వదిన నొక్కి రాసే మనిషి. రబ్బరు రంగునైతే తీసేసింది గానీ, పెన్సిలు ముల్లు చేసిన గాడి కాగితంలో అలాగే ఉంటుంది. దాని మీద మెత్తటి పెన్సిలు పడుకోబెట్టి తేలిగ్గా రుద్దితే చుట్టూ నల్లబడి గాడి తెల్లగా లేస్తుంది. ముప్ఫయ్యో సంచికలో "ఇంట్లో చేసుకునే మంత్రం" అదే. ఆ సంచిక వచ్చిన వారంలో పిడుగు ఇంట్లో ఉన్న ప్రతి కాగితమూ నల్లగా చేసి పెట్టింది. ఇప్పుడు అడక్కుండానే మెత్తటి పెన్సిలు తీసి తల్లి చేతికిచ్చింది.

మొత్తం రుద్దొచ్చు. రుద్దాలనే ఉంది. ఇదిగో మీ అత్తయ్య, ఇదీ ఆవిడ బండారం అని చూపించాలని ఉంది. ఒక్క నిమిషం పని. పిల్ల రేపు మావయ్య దగ్గర నోరు జారకుండా ఉంటుందా అంటే, పదకొండేళ్ళ నోరు. చివరికి బొమ్మలమ్మ అట్టముక్క ఒకటి వెతికి, పై నాలుగు మాటల మీద అడ్డంగా పెట్టి, ఎడమచేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంది. కిందివి రెండే రుద్దింది. అక్షరాలు తెల్లగా ఒక్కొక్కటే లేచాయి.

పిల్ల పైకి చదివింది. "నువ్వు మాత్రం ఉంచుకో. నీకు చేతకాకపోతే నేను పెంచుతాను."

అట్ట కింద ఏముందని అడిగింది. అది నీ గురించి రాసింది కాదంది తల్లి. పిల్ల ఇంకా అడగలేదు. పుస్తకంలో తరవాతి పేజీ తిప్పి, అంచులో "సరే వదినా, నీ మాట మీద ఉంచుతున్నా" అన్న చోట చూసింది. ఈ పేజీ చూసింది. మళ్ళీ అది చూసింది. రెండూ అతికాయి.

"అంటే నన్ను కావాలనుకుంది అత్తయ్య."

"అప్పుడు," అంది బొమ్మలమ్మ తొందరగా. "నేను వద్దనుకుంది అప్పుడు మాత్రమే. ముందుకి చదువు, పదో సంచిక తరవాత అంతా నీ గురించే రాశాను. నీ మొదటి పన్ను, నీ జ్వరం, నువ్వు నడిచిన రోజు..."

"చదివాను," అంది పిల్ల. "అన్నీ అత్తయ్యకి చెప్పావు. నాకు ఒక్కటీ చెప్పలేదు."

ఆ మాట నిజమే. ముద్దు వచ్చినా, బెంగ వచ్చినా నీలం పెన్సిలు పట్టుకునేది, పక్కన పిల్ల ఆడుకుంటూ ఉండేది.

పిడుగు కుర్చీ దిగి ముందుగదిలోకి వెళ్ళింది. అత్తయ్యకి ఫోను చేస్తానని చెప్పి వెళ్ళింది, అడిగి కాదు. బొమ్మలమ్మ వద్దనలేదు. అట్టముక్క తీసి చూసింది. పైన నాలుగు మాటల చోటు ఇంకా తెల్లగానే ఉంది. పెన్సిలు చేతిలోనే ఉంది. అటునుంచి పిల్ల గొంతు తేటగా వినిపిస్తోంది. అత్తయ్యా, చెరిపేసింది చదివాను అంటోంది. అవతలి మనిషికి ఆ మాట వినగానే గుండె ఆగిపోయి ఉంటుంది. ఆగనీ అనుకుంది బొమ్మలమ్మ. తరవాత పిల్ల, నన్ను ఉంచుకోమన్నావు కదా, పెంచుతానన్నావు కదా అంది. ఆ తరవాత అవతలి మాట వింది.

"ఏడవకు అత్తయ్యా," అంది చివరికి. "నేనున్నాను కదా. రేపు వచ్చి నీ దగ్గరే ఉంటాను, ఏడవకు."

ఆ మాట తనకి కూడా ఎవరైనా వచ్చి చెబుతారేమోనని బొమ్మలమ్మ బల్ల దగ్గరే కూర్చుంది. పిల్ల ఫోను పెట్టేసి తన గదిలోకి వెళ్ళి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.